చదువరి చేతిలో జాబితా

అంతర్జాలంలో కొత్తగా ఏం వచ్చిందో తెలుసుకోవడానికి చదువరికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఎవరి రాతలు చదవాలో తానే నిర్ణయించుకుని ఒక జాబితా వేసుకోవడం, ఆ జాబితాలోని చోట్ల కొత్తది వచ్చినప్పుడల్లా అది తన ముందుకు చేరే ఏర్పాటు చేసుకోవడం మొదటి దారి. ఏదో ఒక సంస్థ నడిపే వేదికలో చేరి, ఆ సంస్థ పెట్టుకున్న లెక్కలు దేన్ని ముందు చూపిస్తే దాన్నే ముందు చదవడం రెండోది. ఇప్పుడు చాలామందికి రెండో దారే అంతర్జాలం. మొదటి దారి కూడా ఒకటుందని, అది పాతికేళ్ల కిందటే తయారై ఇప్పటికీ చెక్కుచెదరకుండా పనిచేస్తోందని ఎరిగినవారు తక్కువ. ఆ దారికి ఆధారమైన ఏర్పాటును ఫీడు అని, ఫీడులను తెచ్చి చదువరి ముందు పెట్టే పనిముట్టును ఫీడ్ రీడర్ అని అంటారు.

కొత్త వెబ్ పనిముట్లు ఏటా పుట్టుకొస్తుంటాయి, కొన్నాళ్లు వెలుగుతాయి, వాటిలో చాలా భాగం కనుమరుగవుతాయి. ఏది నాలుగు కాలాల పాటు ఉపయోగపడుతుందో ముందే చెప్పడం కష్టమే గాని, ఫీడ్ రీడర్ల పాతికేళ్ల చరిత్రను పరిశీలిస్తే ఒక నమ్మదగిన కొలత దొరుకుతుంది. చదువరి తయారుచేసుకున్న జాబితా చదువరి చేతిలోనే ఉందా, పనిముట్టు మూతపడినా, నచ్చకపోయినా ఆ జాబితాతో సహా మరో చోటికి వెళ్లగలడా అన్నదే ఆ కొలత.

ఫీడు లోపల ఏముంటుంది

వెబ్‌సైటులో పేజీ తెరిచినప్పుడు కనబడే రంగులు, బొమ్మలు, పక్క పట్టీలు, ప్రకటనలు అన్నీ మనిషి కంటి కోసం అమర్చినవి. వీటి నడుమ అసలు రచన ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మనిషి ఇట్టే పోల్చుకుంటాడు గాని, కంప్యూటరు ప్రోగ్రాముకు అది తేలిక కాదు. అందుకని అదే వెబ్‌సైటు ప్రోగ్రాములు చదువుకోవడానికి వీలుగా, అలంకారాలేవీ లేని మరో ఫైలును వేరుగా ఉంచుతుంది. ఇదే ఫీడు. ఇందులో ప్రతి సమాచారానికి ముందూ వెనకా, అది శీర్షికో తేదీయో రచయిత పేరో తెలిపే గుర్తులుంటాయి. ఇలా గుర్తులు పెట్టి సమాచారాన్ని రాసే పద్ధతికి ఎక్స్‌ఎమ్‌ఎల్ అని పేరు.

ఒక ఫీడు ఫైలును తెరిచి చూస్తే మొదట వెబ్‌సైటు పేరు, చిరునామా, ఒకటి రెండు వాక్యాల పరిచయం కనబడతాయి. ఆ తరువాత ఇటీవలి రచనలు వరుసగా ఉంటాయి. ఒక్కో రచన కింద దాని శీర్షిక, అది ఉన్న పేజీకి లంకె, గంటలు నిమిషాలతో సహా ప్రచురణ సమయం, మొదటి కొన్ని వాక్యాలు గాని పూర్తి పాఠం గాని ఉంటాయి. వీటితో పాటు ఆ రచనకు తప్ప మరి దేనికీ వర్తించని ఒక గుర్తింపు కూడా ఉంటుంది. ఈ చివరిది చిన్న విషయంలా కనిపించినా దాని పని పెద్దది. రచయిత తరువాత శీర్షికను మార్చినా, అచ్చుతప్పులు దిద్దినా, ఇది చదువరి ముందే చూసిన రచనేనని ఫీడ్ రీడర్ తేల్చుకునేది ఈ గుర్తింపు ఆధారంగానే. చదివినవాటిని పక్కకు తీసి, చదవనివాటినే ముందు ఉంచగలగడం దీనివల్లే సాధ్యమవుతుంది.

ఫీడ్ రీడర్ చేసే పని కూడా సూటిగానే ఉంటుంది. చదువరి జాబితాలో చేర్చిన ప్రతి ఫీడు చిరునామాకూ అది కొంత వ్యవధికొకసారి వెళ్లి, కిందటిసారి వచ్చిన తరువాత ఇక్కడ ఏమైనా మారిందా అని సర్వరును అడుగుతుంది. మారకపోతే సర్వరు 304 అనే సంకేత సంఖ్యతో, మార్పేమీ లేదని ఒక్క ముక్కలో బదులిస్తుంది. ఫైలును మళ్లీ పంపదు. మారితేనే కొత్త ఫైలు వస్తుంది, అందులోని కొత్త రచనలు చదువరి తెర మీదికి చేరతాయి. ఇంటికి పత్రిక వేయించుకున్న మనిషి దుకాణాలన్నీ తిరిగి ఏ సంచిక వచ్చిందో వాకబు చేయనక్కర్లేనట్టే, ఫీడ్ రీడర్ ఉన్న చదువరి యాభై వెబ్‌సైట్లను రోజూ తెరిచి చూడనక్కర్లేదు.

ఈ ఏర్పాటులో గమనించవలసిన గుణం మరొకటుంది. చందాదారు తన పేరు గాని, ఈమెయిలు గాని, ఫోను నంబరు గాని ప్రచురణకర్తకు ఇవ్వనక్కర్లేదు, అనుమతి అడగనక్కర్లేదు, మానుకోవాలంటే ఎవరికీ చెప్పనక్కర్లేదు. జాబితాలోంచి ఒక చిరునామా తీసేస్తే చందా ముగిసినట్టే. రాసేవారికీ చదివేవారికీ నడుమ ఈ సంబంధం తమదని చెప్పుకునే మూడో మనిషి ఇక్కడ ఉండడు.

పేచీల నడుమ పుట్టిన ప్రమాణం

ఇంత సాదా ఏర్పాటు పుట్టుక మాత్రం సాఫీగా సాగలేదు. 1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థ తన వాడుకరుల కోసం ఒక ముఖద్వార పేజీని నడుపుతూ, బయటి వెబ్‌సైట్ల శీర్షికలను కూడా అందులో చూపించాలనే ఉద్దేశంతో ఆర్ఎస్ఎస్ అనే ఫీడు పద్ధతిని మొదటిసారి విడుదల చేసింది. దీని రూపకర్తలు డాన్ లిబీ, రామనాథన్ గుహ. మద్రాసు ఐఐటీలో చదివి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన గుహ, వెబ్‌లోని సమాచారం అర్థాన్ని కంప్యూటర్లు కూడా గ్రహించేలా చేయడమెలా అనే సమస్య మీద దశాబ్దాల పాటు పనిచేసిన శాస్త్రవేత్త. అదే ఏడాది జులైలో ఆర్ఎస్ఎస్ మరింత సరళమై 0.91 సంచికగా వచ్చింది. ఆ తరువాత కొద్దికాలానికే నెట్‌స్కేప్ ఈ పనిని వదిలేసింది.

సొంతదారు లేకుండా మిగిలిన ప్రమాణాన్ని రెండు వర్గాలు రెండు దిక్కులకు నడిపించాయి. యూజర్‌లాండ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థను నడుపుతూ, తొలితరం బ్లాగరిగా పేరుపడిన డేవ్ వైనర్, ఫీడు ఎంత సరళంగా ఉంటే అంతమంది వాడతారన్న పట్టుదలతో ఒక దారి పట్టాడు. సమాచారంలోని సంబంధాలను నిశితంగా చెప్పగలిగే పద్ధతి కావాలన్నవారు మరో దారి పట్టి, 2000 డిసెంబరులో ఆర్ఎస్ఎస్ 1.0 తెచ్చారు. ఆ రెండో బృందంలో ఆరన్ స్వార్ట్జ్ ఉన్నాడు. అప్పటికి అతని వయసు 14 ఏళ్లు. ఈమెయిలు ఉత్తరాల ద్వారా సాగే సాంకేతిక చర్చలో వయసు అడ్డురాకపోవడం, వాదనలో పస ఉంటే పిల్లవాడి మాట కూడా పెద్దల మాటతో సమానంగా చెల్లడం ఆనాటి అంతర్జాల సంస్కృతిలోని మంచి గుణానికి గట్టి సాక్ష్యం. స్వార్ట్జ్ తరువాతి కాలంలో జ్ఞానం అందరికీ అందుబాటులో ఉండాలన్న పోరాటంలో ముందు నిలిచాడు. 2013 జనవరిలో, 26 ఏళ్ల వయసులో మరణించాడు.

వైనర్ వర్గం 2002 సెప్టెంబరులో ఆర్ఎస్ఎస్ 2.0ను విడుదల చేసింది. మరుసటి ఏడాది దాని నిర్వచన పత్రం హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని బెర్క్‌మన్ కేంద్రం చేతికి వెళ్లింది. అంటే అది ఏ వ్యాపార సంస్థ సొత్తూ కాకుండా పోయింది. వివాదాలతో విసిగినవారు 2003లో మొదలుపెట్టిన మూడో ప్రయత్నం ఆటమ్ అనే పేరుతో 2005 డిసెంబరులో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఆమోదం పొందింది. ఇన్ని రకాలున్నా చదువరికి ఇబ్బంది కలగకపోవడానికి కారణం, ఫీడ్ రీడర్లు తయారుచేసినవారు అన్నిటినీ చదివే బాధ్యతను తమ నెత్తిన వేసుకోవడమే. ఎవరూ రుసుము వసూలు చేయని ఈ ప్రమాణాలను చిన్న బ్లాగులూ పెద్ద దినపత్రికలూ సమానంగా వాడుకున్నాయి.

ఫీడులు పెంచిన సంస్కృతి

2003 నుంచి 2007 దాకా నడిచిన కాలాన్ని వెబ్ 2.0 యుగం అని పిలిచేవారు. 2004లో ఆ పేరుతో ఒక సదస్సు జరిగిన తరువాత ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. చదవడానికే పరిమితమైన మామూలు మనిషి రాయడానికి, బొమ్మలు పంచుకోవడానికి, ఇతరుల రాతల మీద వ్యాఖ్యానించడానికి కూడా వెబ్‌ను వాడగలగడం ఆ యుగ లక్షణం. డెలీషియస్ అనే సేవలో వాడుకరులు తమకు నచ్చిన పేజీల చిరునామాలను దాచుకుని, వాటికి తమ సొంత మాటల్లో ట్యాగులు తగిలించేవారు. ట్యాగు అంటే విషయాన్ని సూచించే చిన్న మాట. గ్రంథాలయంలో పుస్తకం ఏ వర్గానికి చెందుతుందో పెద్దలు నిర్ణయిస్తే, ఇక్కడ వాడుకరులందరూ తలా ఒక మాట వేసి ఉమ్మడిగా వర్గీకరణ సాగించారు. 2004లో మొదలైన ఫ్లికర్ ఫొటోల విషయంలో ఇదే పని చేసింది.

ఈ సేవలన్నిటినీ కలిపి కుట్టింది ఫీడే. డెలీషియస్‌లో ఒక ట్యాగు కింద కొత్తగా చేరే లంకెలకు ఒక ఫీడు, ఫ్లికర్‌లో ఒక వ్యక్తి పెట్టే ఫొటోలకు ఒక ఫీడు, వికీపీడియాలో ఇటీవలి మార్పులకు ఒక ఫీడు ఉండేవి. వాడుకరి వీటిని తన రీడర్‌లోకి తెచ్చుకోవచ్చు, తన బ్లాగు పక్కపట్టీలో చూపించవచ్చు, ఒకదానితో మరొకదాన్ని జోడించవచ్చు. 2007 ఫిబ్రవరిలో వచ్చిన యాహూ పైప్స్ ఈ జోడింపును ప్రోగ్రామింగు తెలియనివారికి కూడా అందించింది. తెర మీద గడులను గీతలతో కలుపుతూ, నాలుగు వార్తా ఫీడులను ఒకటిగా చేయడం, అందులో ఫలానా ఊరి పేరున్న వార్తలనే ఏరడం, ఫలితాన్ని మళ్లీ కొత్త ఫీడుగా బయటికి తేవడం అందులో సాధ్యమయ్యేది. 2015లో అది మూతపడేనాటికి ఎందరో విద్యార్థులకు, పాత్రికేయులకు సమాచారంతో స్వయంగా పనిచేయడం నేర్పింది.

చదివే పనిముట్లలో 2003లో వచ్చిన బ్లాగ్‌లైన్స్, 2005 అక్టోబరులో వచ్చిన గూగుల్ రీడర్ ఎక్కువ మందికి చేరాయి. సొంత కంప్యూటరులో సాఫ్ట్‌వేర్ పెట్టుకునే అవసరం లేకుండా, ఏ ఇంటర్నెట్ కేంద్రంలో కూర్చున్నా అదే జాబితా, చదివినవీ చదవనివీ అదే లెక్కలో కనబడటం వీటి సౌకర్యం. గూగుల్ రీడర్‌లో చదువరి తనకు నచ్చినదాన్ని స్నేహితులతో పంచుకునే వీలు కూడా ఉండటంతో, చదువుకునేవారి చిన్న చిన్న సమాజాలు దాని చుట్టూ ఏర్పడ్డాయి. ఎన్నో వెబ్‌సైట్లపై నిషేధమున్న ఇరాన్‌లో, నిషిద్ధ పేజీల పాఠం గూగుల్ చిరునామా మీదుగానే చదవగలగడం వల్ల, అది స్వేచ్ఛగా మాట్లాడుకునే వేదికగా కూడా మారింది.

తెలుగు బ్లాగులు, సంకలినులు

ఇదే కాలంలో తెలుగు రాత అంతర్జాలంలో నిలదొక్కుకున్న తీరుకు ఫీడులతో విడదీయరాని సంబంధం ఉంది. అంతకుముందు వెబ్‌లో తెలుగు లేదని కాదు. అమెరికాలోని తెలుగువారు నడిపిన ఈమాట జాలపత్రిక 1998లోనే మొదలైంది. అయితే ఆ రోజుల్లో చాలా తెలుగు వెబ్‌సైట్లు, ముఖ్యంగా దినపత్రికలవి, ఒక్కొక్కటి తమ సొంత ఫాంటును వాడేవి. అక్షరాలకు అందరూ ఒప్పుకున్న సంకేతాలు లేకపోవడంతో, ఒక సైటులోని పాఠం ఆ ఫాంటు లేనిచోట అర్థంకాని గుర్తుల వరుసగా కనబడేది. పేజీకి ఉండే ఫాంటును, అలంకారాన్ని వదిలేసి పాఠాన్ని మాత్రమే మోసుకుపోవడం ఫీడు స్వభావం గనుక, ఆ పద్ధతిలో రాసిన తెలుగు ఫీడులో ప్రయాణించలేదు. ప్రపంచంలోని ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒకే స్థిర సంఖ్యను కేటాయించిన యూనికోడ్ ప్రమాణంలో రాసిన తెలుగు మాత్రమే ఎక్కడికి వెళ్లినా తెలుగుగానే కనబడుతుంది.

యూనికోడ్ తెలుగు వ్యాపించడానికి కొందరు స్వచ్ఛందంగా చేసిన పని మూలమైంది. వెన్న నాగార్జున తయారుచేసిన పద్మ అనే పనిముట్టు, సొంత ఫాంట్లలో ఉన్న భారతీయ భాషల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికినదీ ఆయనే. వీవెన్ పేరుతో సుపరిచితుడైన సాంకేతికుడు తయారుచేసిన లేఖినిలో, ఒక గడిలో రోమన్ అక్షరాలతో తెలుగు మాట కొడితే మరో గడిలో అది తెలుగు లిపిలో ప్రత్యక్షమయ్యేది. దాన్ని నకలు తీసి బ్లాగులో అతికించుకోవచ్చు. తెలుగు కీబోర్డు నేర్చుకోని వేలాది ప్రవాసులకు, విద్యార్థులకు మాతృభాషలో రాసే అవకాశం ఇలా చేతికందింది.

రాసేవారు పెరిగాక, ఎవరెక్కడ రాస్తున్నారో తెలియడం సమస్య అయింది. శోధన యంత్రాలు అప్పటికి తెలుగును బాగా పట్టించుకునేవి కావు. ఒక్కో బ్లాగరికి కొద్దిమంది చదువరులే ఉండేవారు. ఈ లోటును సంకలినులు తీర్చాయి. సంకలిని అంటే తనలో నమోదైన బ్లాగులన్నిటి ఫీడులనూ ఎప్పటికప్పుడు తెచ్చి, వాటిలోని కొత్త టపాలను ఒకే పేజీలో వరుసగా చూపించే వెబ్‌సైటు. ఒక చదువరి తన కోసం చేసుకునే పనిని సంకలిని సమాజమంతటి కోసం చేస్తుంది. వీవెన్ నడిపిన కూడలి వీటిలో ఎక్కువ మందిని కూడగట్టింది. జల్లెడ, తేనెగూడు, హారం, మాలిక వంటివి కూడా ఈ సేవ చేశాయి.

సంకలిని పేజీలోని అమరిక ఎంత చిన్న విషయమో అంత లోతైనది. అక్కడ టపాలు వచ్చిన వేళను బట్టి వరుసలో నిలిచేవి. పేరుమోసిన రచయిత టపా అయినా, నిన్ననే బ్లాగు తెరిచిన గృహిణి టపా అయినా, కొత్తగా వచ్చినదే పైన ఉండేది, మరొకటి రాగానే కిందికి జరిగేది. ఎవరికీ ప్రత్యేక పీట లేని ఈ వరుస వల్ల, హైదరాబాదు ఉద్యోగి, కాలిఫోర్నియా ఇంజనీరు, పల్లెటూరి ఉపాధ్యాయుడు ఒకరి రాతను మరొకరు చదివి, వ్యాఖ్య రాసి, కొన్నిసార్లు జవాబుగా తమ బ్లాగులోనే పూర్తి టపా రాసేవారు. టపా, బ్లాగరి, సంకలిని వంటి మాటలు నిత్య వ్యవహారంలో పడింది ఈ రాకపోకల్లోనే. వంటల నుంచి ఛందస్సు దాకా, సినిమా పాటల నుంచి ఊరి చరిత్ర దాకా పత్రికల్లో చోటు దొరకని ఎన్నో విషయాలకు చదువరులు దొరికారు. పెట్టుబడి లేకుండా, సంపాదకుడి గడప తొక్కకుండా ఒక సాహిత్య సమాజం ఏర్పడటానికి ఒక చిన్న ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు సరిపోయింది.

వినే ఫీడు

ఫీడు పేరు తెలియకుండానే కోట్లమంది రోజూ దాన్ని వాడుతున్న రంగం పాడ్‌కాస్టు. 2000 డిసెంబరులో వచ్చిన ఆర్ఎస్ఎస్ 0.92 సంచికలో, రచనకు ఒక ఆడియో ఫైలును జతచేసే వీలు కల్పించారు. జతపరిచిన ఫైలు గురించి ఫీడు మూడే ముక్కలు చెబుతుంది: అది ఉన్న చిరునామా, దాని పరిమాణం, అది ఏ రకం ఫైలన్న సంగతి. ఈ మూడు ముక్కల ఆధారంగా చందాదారు యంత్రం కొత్త భాగాన్ని దానంతట అదే దింపుకుంటుంది. వైనర్‌తో పాటు, ఎంటీవీలో వ్యాఖ్యాతగా పనిచేసిన ఆడమ్ కరీ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. 2004లో దీనికి పాడ్‌కాస్టు అన్న పేరు పడింది. 2005 జూన్‌లో యాపిల్ తన ఐట్యూన్స్‌లో దీనికి చోటిచ్చింది.

ఇక్కడ యాపిల్ చేసింది ప్రధానంగా ఫీడుల చిరునామాల పట్టికను నడపడం. కార్యక్రమం ఫైళ్లు దాన్ని తయారుచేసినవారు ఎంచుకున్న సర్వరులోనే ఉంటాయి. అందువల్ల ఒకే పాడ్‌కాస్టును పది రకాల యాప్‌లలో వినవచ్చు, ఒక యాప్ నచ్చకపోతే మరొకదానికి మారవచ్చు, ఏ ఒక్క యాప్ మూతపడినా కార్యక్రమం ఆగదు. ఇటీవల కొన్ని సంస్థలు తమ యాప్‌లో తప్ప మరెక్కడా వినలేని కార్యక్రమాలను తెచ్చినా, ఈ రంగం మొత్తం ఏ ఒక్కరి గుప్పిట్లోకీ పోకపోవడానికి దాని పునాదిలో ఫీడు ఉండటమే కారణం.

రీడర్లు ఎందుకు తగ్గాయి

2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ అనే పేజీని మొదలుపెట్టింది. పేరులో ఫీడు ఉన్నా, ఇందులో ఏది ఎవరికి ఏ వరుసలో చూపాలో ఫేస్‌బుక్ ప్రోగ్రాములే నిర్ణయిస్తాయి. ఇలాంటి నిర్ణయాలు తీసుకునే లెక్కల క్రమాన్ని అల్గారిథమ్ అంటారు. 2016లో ట్విటర్, ఇన్‌స్టాగ్రామ్ కూడా కాలక్రమాన్ని వదిలి ఈ పద్ధతి వైపు మళ్లాయి. ప్రకటనల ఆదాయం మీద నడిచే వేదికకు, వాడుకరి ఎంతసేపు తెర ముందు ఉంటే అంత లాభం గనుక, అల్గారిథమ్ అతన్ని నిలిపి ఉంచే వాటికి పెద్దపీట వేస్తుంది. కోపం రప్పించేవి, వాదనకు దించేవి ఈ లెక్కలో తరచుగా ముందుకు వస్తాయి. నెలకొక వ్యాసం నెమ్మదిగా రాసే మనిషి వెనక్కి పోతాడు.

2013 మార్చిలో గూగుల్ తన రీడర్‌ను మూసివేస్తున్నట్టు ప్రకటించింది. వాడకం తగ్గిందన్నది ఆ సంస్థ చెప్పిన కారణం. జులై 1న అది ఆగిపోయింది. 2018 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు కూడా తనలోని ఫీడు సదుపాయాన్ని తీసేసింది. అడ్రసు పట్టీలో కనబడే చిన్న నారింజరంగు గుర్తును రూపొందించి ఫీడులకు ఒక ముఖం ఇచ్చింది ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా సంస్థే కావడం వల్ల, ఆ తొలగింపు ఫీడు అభిమానులను ఎక్కువగా బాధించింది.

ఫీడ్ రీడర్లలో లోపాలు లేవనడం నిజాయితీ కాదు. ఫీడు లంకెను నొక్కితే మామూలు మనిషికి అర్థంకాని గుర్తుల పేజీ తెరుచుకునేది. దాంతో ఏం చేయాలో చెప్పేవారు లేరు. జాబితాలో ఉన్నవి తప్ప కొత్తవారు పరిచయమయ్యే దారి రీడర్‌లో తక్కువ. చందాలు వందకు చేరితే, చదవనివాటి అంకె రోజురోజుకూ పెరిగి చదువు ఒక బాకీలా భయపెట్టేది. ప్రచురణకర్తల వైపు నుంచి చూస్తే, పూర్తి పాఠం ఫీడులో పోతే తమ పేజీలోని ప్రకటనలు చూసేవారుండరన్న బెంగ ఉండేది. ఇవన్నీ శ్రద్ధతో సరిదిద్దగలిగిన లోపాలే. అయితే సరిదిద్దితే లాభపడేది చదువరి గాని వేదికలు కావు గనుక, పెద్ద సంస్థలు ఆ పని తలకెత్తుకోలేదు.

గూగుల్ రీడర్ మూతపడినప్పుడు జరిగిన మరో సంగతి ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన పాఠం. వాడుకరులు తమ చందాల జాబితాను ఓపీఎమ్ఎల్ అనే ఫైలుగా బయటికి తీసుకుని, మరో రీడర్‌లో వేసుకుని, మర్నాటి నుంచి అవే వెబ్‌సైట్లను చదువుకున్నారు. ఓపీఎమ్ఎల్ అంటే ఫీడుల పేర్లను, చిరునామాలను వరుసగా రాసిన ఫైలు. దాన్ని రూపొందించినదీ వైనరే. మూసివేత ప్రకటన వెలువడిన 48 గంటల్లో 5 లక్షల మందికి పైగా తమ దగ్గరకు వచ్చారని ఫీడ్లీ సంస్థ ప్రకటించింది. ప్రపంచంలోని అతి పెద్ద సంస్థల్లో ఒకటి చేతులెత్తేసినా చదువరులు తమ రచయితలను పోగొట్టుకోలేదు. ఒక సామాజిక మాధ్యమం రేపు మూతపడితే, అక్కడ పదేళ్లుగా కూడగట్టుకున్న పరిచయాలను ఇంత తేలిగ్గా మరో చోటికి మోసుకుపోవడం అసాధ్యం.

ఇప్పుడు మొదలుపెట్టాలంటే

ఫీడులు ఈనాటికీ వెబ్ అంతటా ఉన్నాయి. వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే సైట్లు, గూగుల్ బ్లాగర్‌లోని బ్లాగులు మామూలుగా ఫీడును వాటంతట అవే తయారుచేస్తాయి. యూట్యూబ్ చానళ్లకు, సబ్‌స్టాక్ లేఖలకు, మాస్టడాన్ అనే సామాజిక మాధ్యమంలోని ఖాతాలకు కూడా ఫీడులున్నాయి. చదువరి చేయవలసింది ఒక రీడర్‌ను ఎంచుకుని, తనకు ఇష్టమైన సైటు చిరునామాను అందులో అతికించడమే. దాని ఫీడు ఎక్కడుందో చాలా రీడర్లు తామే వెతికి పట్టుకుంటాయి. ఫీడ్లీ, ఐనోరీడర్ వంటి సేవలు వెబ్‌లోనూ ఫోనులోనూ పనిచేస్తాయి. యాపిల్ పరికరాల మీద నెట్‌న్యూస్‌వైర్ ఉచితంగా దొరుకుతుంది. సొంత సర్వరు నడపగలిగినవారికి ఫ్రెష్ఆర్ఎస్ఎస్, మినీఫ్లక్స్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మొదట పది చిరునామాలతో మొదలుపెట్టి, తరచు రాసేవారి కన్నా అరుదుగా, శ్రద్ధగా రాసేవారిని ముందు చేర్చుకోవడం మంచిది. గంటకు పది వార్తలు వచ్చే సైటుకు చదువరే రోజూ వెళతాడు. ఏడాదికి నాలుగు వ్యాసాలు రాసే పరిశోధకుణ్ణి మరిచిపోకుండా గుర్తుపెట్టుకునేది రీడరే.

ఇదే ఆలోచన కొత్త రూపాల్లోనూ వ్యక్తమవుతోంది. 2018 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ ఆమోదించిన యాక్టివిటీపబ్ అనే పద్ధతి, వేర్వేరు సర్వర్లలోని వాడుకరులు ఒకరినొకరు అనుసరించే వీలు కల్పిస్తుంది. మాస్టడాన్ పనిచేసేది దాని మీదే. కృత్రిమ మేధ సాయంతో వార్తలను కుదించి చెప్పే పనిముట్లు, ఇంకా పేరు పెట్టని మరెన్నో సేవలు వస్తున్నాయి. వీటిలో దేన్ని పరీక్షించేటప్పుడైనా చదువరి అడగదగిన ప్రశ్నలు మూడు. ఏది చదవాలో ఎంచుకునేది ఎవరు? కనబడే వరుసను నిర్ణయించేది ఎవరు? విడిచి వెళ్లాలనుకున్న రోజున జాబితా తనతో వస్తుందా? ఈ మూడింటికీ తృప్తికరమైన జవాబు దొరికిన పనిముట్టు కొత్తదైనా పాతదైనా వాడదగినదే. దొరకనిది ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, అందులో పెట్టిన కాలం పరాధీనమే.

తెలుగులో ప్రచురించేవారికి కూడా ఇందులో చేయగలిగిన పని ఉంది. ఇప్పుడు తెలుగులో మంచి రచనలు ఎన్నో సామాజిక మాధ్యమాల గోడల మీద పుట్టి, రెండు రోజుల్లో వెతికినా దొరకని లోతుకు జారిపోతున్నాయి. అదే రచనను ముందు సొంత బ్లాగులోనో జాలపత్రికలోనో స్థిరమైన చిరునామా ఇచ్చి ప్రచురించి, ఆ తరువాత దాని లంకెను ఎక్కడ కావాలంటే అక్కడ పంచుకుంటే, రచనా నిలుస్తుంది, చదువరీ చేరతాడు. జాలపత్రికల నిర్వాహకులు తమ ఫీడు చిరునామాను అందరికీ కనబడేచోట పెట్టాలి, అందులో రచయిత పేరు, సరైన తేదీ ఉండేలా చూడాలి, వీలైతే పూర్తి పాఠం ఇవ్వాలి. గ్రంథాలయాలు, కళాశాలల తెలుగు శాఖలు తమకు నచ్చిన యాభై తెలుగు సైట్ల ఫీడులను ఒక ఓపీఎమ్ఎల్ ఫైలుగా తయారుచేసి పాఠకులకు ఇస్తే, అది ఒక తరం చదువరులకు దారి చూపుతుంది. ఇందుకు కావలసింది పెట్టుబడి కాదు, కొన్ని గంటల శ్రమ. సాంకేతిక పునాది ఎప్పుడో పడింది. అది ఉచితం, ఎవరి అనుమతీ అక్కర్లేనిది, ఇప్పటికే తెలుగును మోయగలిగినది. దాన్ని వాడుకలోకి తెచ్చుకుంటే, తెలుగులో ఏది చదవదగినదో నిర్ణయించే అధికారం మళ్లీ తెలుగు చదువరులకే దక్కుతుంది.